పెదాలు చూడొద్దు, వినండి

దమయంతి ముఖం తెలుగు ప్రేక్షకుల్లో ఎవరికీ తెలియదు. గొంతు మాత్రం చాలామంది వినే ఉంటారు. తెర మీద తప్పిపోయిన పిల్లాడు రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి "అమ్మా" అని ఏడిస్తే అది దమయంతి ఏడుపు. హీరోయిన్ చిన్నతనంలో గోడ దూకి కిలకిలా నవ్వితే అది దమయంతి నవ్వు. చెన్నై కోడంబాక్కంలో పాతికేళ్ళకు పైగా ఆమె చేసిన పని అదే. తమిళం నుంచి, మలయాళం నుంచి తెలుగులోకి వచ్చే సినిమాల్లో పిల్లలకు గొంతిచ్చేది. తెర మీద ఐదేళ్ళ పిల్ల, మైకు ముందు నైలెక్స్ చీర కట్టుకుని ముడిలో కనకాంబరాలు పెట్టుకున్న పెద్దమనిషి. ఆమె తండ్రి నెల్లూరు వైపు నుంచి సినిమా సెట్ల వడ్రంగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. దమయంతి పుట్టింది, పెరిగింది స్టేషన్ వెనక వీధుల్లోనే.

ఈ మధ్య ఆ పని పలచబడింది. ఇప్పుడు నిజం పిల్లలనే స్టూడియోకు తెస్తున్నారు. చేతిలో బిస్కెట్ పెట్టి, తల్లిని పక్కన నిలబెట్టి, ముక్కలు ముక్కలుగా చెప్పించుకుని కంప్యూటర్లో అతికిస్తున్నారు. కొన్నిచోట్ల ఆ పిల్లలు కూడా అక్కర్లేదు, యంత్రమే మాట్లాడేస్తోంది. దమయంతి ఫోను మోగడం తగ్గింది. ఆమె దాని గురించి ఎవరి దగ్గరా వాపోలేదు. వీధి చివర పిల్లల బడిలో ఒక టీచరు సెలవు పెట్టిందని తెలిసి, ఆ రోజుకు కథలు చెప్పడానికి వెళ్ళింది. మర్నాడు మళ్ళీ రమ్మన్నారు.

ఆ బడిని ఒక ట్రస్టు నడుపుతోంది. లైట్‌మెన్, వడ్రంగులు, మేకప్ సహాయకులు, హోటళ్ళలో పనిచేసేవాళ్ళు తమ పిల్లలను అక్కడికి పంపుతారు. చాలామందికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. హెడ్మిస్ట్రెస్ పరిమళ తమిళావిడ. తెలుగు ఈ పిల్లల దగ్గరే నేర్చుకుంది. ఆమెకు ఒక చిక్కు ఉంది. జూన్‌లో ఒకటో తరగతికి వెళ్ళాల్సిన పిల్లలకు పాటలు వచ్చు, గోడ మీద అక్షరాల పటం వరసగా అప్పజెప్పడం వచ్చు. ఒక మాట ఏ శబ్దంతో మొదలవుతుందో మాత్రం తెలియదు. "కాఫీలో ముందు ఏం వస్తుంది?" అని అడిగితే "నురగ" అంటారు.

"మీరు కథ చెప్తే పిల్లలు కదలరు, దమయంతీ. ఎన్న మాయమో, ఏం మాయ చేస్తారో నాకు తెలీదు," అంది పరిమళ. "ఈ మొదటి శబ్దాల పని మీరు పట్టండి. రోజూ అరగంట. మార్చిలో ట్రస్టు నుంచి మేడమ్ వొచ్చి చూస్తారు. పిల్లలు చెప్పగలిగితే వొచ్చే సంవత్సరం నుంచి మీరే టీచర్. చెప్పలేకపోతే వాళ్ళు వేరే మనిషిని చూసి పెట్టుకున్నారు. ముందే చెప్పేస్తున్నా."

"సరి," అంది దమయంతి. ఆ ఉద్యోగం తనకు ఎంత అవసరమో ఆమె పైకి చెప్పలేదు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, గొంతు తప్ప వేరే పనిముట్టు లేని మనిషికి రెండో వృత్తి దొరకడం అంత సులువు కాదు. ఇది చేయి జారితే మూడోది ఎక్కడుంటుందో ఆమెకు తోచలేదు.

డబ్బింగ్ చెప్పేవాళ్ళ కళ్ళు తెర మీది పెదాల మీదే ఉంటాయి. అవతలివాడు ఏ భాష మాట్లాడుతున్నా, వాడి నోరు తెరుచుకున్నప్పుడు మన మాట మొదలవ్వాలి, మూసుకున్నప్పుడు ఆగాలి. అన్నిటికంటే ముఖ్యం పెదాలు రెండూ కలిసే చోటు. అక్కడ తెలుగు మాటలో ప గాని, బ గాని, మ గాని పడాలి. పడకపోతే చూసేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది. ఈ పట్టు వచ్చినవాళ్ళకే పని దొరుకుతుంది. దమయంతికి అది బాగా వచ్చు. పిల్లలకూ అదే నేర్పింది.

నేల మీద వాళ్ళకు ఎదురుగా కూర్చుని, "నా నోరు చూడండి," అనేది. "పాలు" అన్నప్పుడు పెదాలు టప్పున విడిపోవడం, "తాళం" అన్నప్పుడు నాలుక పళ్ళకు తగలడం, "ఉప్పు" అన్నప్పుడు పెదాలు సున్నాలా చుట్టుకోవడం చూపించేది. ఫోనులో సినిమా ముక్క పెట్టి, శబ్దం తీసేసి, ఆ మనిషి ఏ శబ్దంతో మొదలుపెట్టాడో చెప్పమనేది. పిల్లలకు ఇంతకంటే మంచి ఆట దొరకలేదు. సంక్రాంతి సెలవులు అయ్యాక వారం తిరక్కముందే దమయంతి నోట్లోంచి మాట పూర్తిగా రాకుండానే జవాబు వచ్చేస్తోంది. అందరికంటే ముందు విజి. చిన్నబాబు అనే లైట్‌మన్ కూతురు, ఐదేళ్ళది, రెండు పిలకలు, ముందు పన్ను ఊడిపోయింది.

ఒకరోజు కూతుర్ని తీసుకువెళ్ళడానికి వచ్చిన చిన్నబాబు గేటు దగ్గర ఆగాడు.

"ఏందిక్కా, పిల్లోళ్ళందర్నీ డబ్బింగ్‌కి పంపిస్తావా ఏంది? మా విజి ఇంట్లో టీవీ సౌండు తీసేసి జూస్తాండాది. సీరియల్ ఏమైందో తెలీక వాళ్ళమ్మ నన్ను తిడతాండాది."

"పంపిస్తే నీకేంరా? నువ్వు మోసే లైటు కంటే మైకు తేలిక."

"అయితే నన్ను గూడా చేర్చుకో."

"నీ నోటికి సింకు కుదరదురా. తెరిచేది తెలస్తాది గానీ మూసేది ఎప్పుడో దేవుడికే తెలీదు."

పక్కనున్న తల్లులు నవ్వారు. చిన్నబాబు కూడా నవ్వి, కూతుర్ని సైకిలెక్కించుకున్నాడు. దమయంతి ఆ వారమంతా హుషారుగా ఉంది.

ఫిబ్రవరిలో ట్రస్టు నుంచి సునయన వచ్చింది. విజయవాడ అమ్మాయి. చిన్నపిల్లల చదువులో శిక్షణ పొంది, కొన్నేళ్ళ క్రితం చెన్నైలో స్థిరపడింది. అసలు పరీక్షకు ముందు ఒకసారి పిల్లలు ఎలా ఉన్నారో చూసి పోదామని వచ్చానంది. దమయంతి మాట మీద మాట వేసింది. పిల్లలు టపటపా చెప్పారు. సునయన చప్పట్లు కొట్టి, "నేను కూడా కొన్ని అడగనా?" అంటూ సంచిలోంచి బొమ్మల అట్టలు తీసింది.

ఆమెకు ఒక అలవాటుంది. అట్టను పిల్లలకు బాగా కనబడేలా తన ముఖానికి అడ్డంగా పట్టుకుని మాట్లాడుతుంది. "ఇది బంతి. బంతి. ముందు ఏం వినపడింది?"

ఒక్కరూ పలకలేదు. ముందు వరసలోవాళ్ళు ఎడమకు వంగారు. వెనక వరస కుడికి వంగింది. విజి లేచి నడుచుకుంటూ వెళ్ళి, ఒక వేలితో అట్టను కిందికి దించింది.

"ఇప్పుడు చెప్పు టీచర్."

సునయన నవ్వింది. "బంతి."

"మ," అంది విజి ధీమాగా.

"ప," అన్నాడు ఇంకొకడు. వెనక నుంచి ఎవరో "బ" అన్నారు గానీ, మిగిలినవి అయిపోయాయి గనక ఇక అదే అయ్యుంటుందన్న లెక్కలో అన్నారు. సునయన కిటికీ వైపు తిరిగి "గొడుగు" అంది. తర్వాత "కాకి" అంది. గది నిశ్శబ్దంగా ఉండిపోయింది. చివరికి ఒక పిల్ల విసుక్కుంది. "నువ్వు ఇట్లా తిరిగి చెప్పు మేడమ్, ఆడ చూస్తే మాకెట్లా తెలస్తాది?"

తర్వాత పరిమళతో కలిసి ముగ్గురూ వరండాలో నిలబడ్డారు. సునయన తటపటాయించింది.

"దమయంతిగారూ, ఏమీ అనుకోకండి. వీళ్ళు వినట్లేదండి. చూస్తున్నారు."

"చూసైనా సరిగ్గానే చెప్తాండారు గదమ్మా?"

"మీరు అడిగితేనే చెప్తున్నారు. మీరు రోజూ అడిగే మాటలు, మీ ముఖం వాళ్ళకి అలవాటైపోయాయి. ప, బ, మ మూడింటికీ పెదాలు ఒకేలా కలుస్తాయి కదండీ, చూసి ఎలా చెప్తారు? క, గ అయితే బయటికి కనపడనే కనపడవు. రేపు ఒకటో తరగతిలో టీచర్ బోర్డు వైపు తిరిగి రాస్తూ చెప్తే ఏం చేస్తారు?"

పరిమళ గోడ గడియారం వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఇవాళ చూసింది నేను ఎక్కడా చెప్పను," అంది సునయన. "మార్చిలో చూసిందే చెప్తాను. కానీ అప్పటికీ ఇలాగే ఉంటే, బాగుందని చెప్పడం నా వల్ల కాదండి."

ఇంటికి వెళ్ళేదాకా దమయంతికి కోపమే. ఆ అమ్మాయి పలక పట్టకముందు నుంచి తను నోళ్ళు చూస్తోంది. తనకు చెప్పొచ్చిందా? గిన్నెలు కడుగుతూ చప్పుడు చేసింది. చేతులు తుడుచుకుని వచ్చి టీవీ పెట్టింది. వార్తలు వస్తున్నాయి. శబ్దం తీసేసి, చదివే అమ్మాయి పెదాలు చూసింది. పెదాలు కలిశాయి. "ప," అనుకుని శబ్దం పెట్టింది. "మంత్రి" అంటోంది. మళ్ళీ తీసేసింది. మళ్ళీ కలిశాయి. "మ," అనుకుంది. "బస్సు." చాలాసేపు అలా చూసింది. తెలియని మనిషి నోటిమీద, తెలియని మాట, పాతికేళ్ళ అనుభవం ఉన్న ఆమెకే అందలేదు.

డబ్బింగ్ థియేటర్లో ఎవరూ ఈ తేడా అడగరు. పెదాలు కలిసే చోట ప పడ్డా, బ పడ్డా, మ పడ్డా తెర ఒప్పేసుకుంటుంది. చూసేవాణ్ణి నమ్మించడమే అక్కడి పని. దమయంతి తన పనితనంతో పాటు ఆ సర్దుబాటు కూడా పిల్లలకు అంటించేసింది. వాళ్ళకు నమ్మించడం వచ్చింది, వినడం రాలేదు.

కోపం అక్కడితో పోయింది. మిగిలిన రోజులు తక్కువ, పని ఎక్కువ.

డబ్బింగ్‌లో వీపు షాట్ అని ఒకటుంటుంది. నటుడు కెమెరాకు వీపు పెట్టి మాట్లాడతాడు. పెదాలు కనబడవు. అప్పుడు డబ్బింగ్ చెప్పేవాళ్ళకు చెవిలో పెట్టుకున్న హెడ్‌ఫోనే గతి. అవతలివాడి మాట ఎక్కడ మొదలైందో విని పట్టుకోవాలి. కొత్తవాళ్ళు దానికి భయపడతారు. దమయంతి మర్నాడు పాత వాయిల్ చీర ఒకటి తెచ్చి, గదికి అడ్డంగా ఒక కిటికీ కమ్మీ నుంచి ఇంకో కిటికీ కమ్మీకి తాడు కట్టి వేలాడదీసింది. వెనకాల కూర్చుని గొంతు మార్చింది.

"నేను తిరువొత్తియూరు ముసలమ్మని. చేపలు తెచ్చినా. నా బుట్టలో ఏముండాదో చెప్తా, మొదటి శబ్దం చెప్పినోళ్ళకే."

మొదటి రోజు చీర కింద వరసగా కళ్ళు కనబడ్డాయి. విజి ఏకంగా చీర ఎత్తి లోపలికి వచ్చేసింది.

"ఏయ్, నువ్వు చూస్తే ముసలమ్మ పోతాది!"

"ముసలమ్మ ఏడ ఉండాది? నువ్వే గదా," అంది విజి, తన టీచరు ఇంత అమాయకురాలా అన్నట్టు.

రెండో రోజు జలుబు చేసిన పోలీసు వచ్చాడు. ఆ తర్వాత కోపంగా ఉన్న కోడి. పిల్లలు నవ్వి నవ్వి పొర్లారు, జవాబులు మాత్రం తప్పులే. దమయంతి వాళ్ళ వేళ్ళను వాళ్ళ గొంతు మీదే పెట్టించింది. "బ" అంటే వేలికి జుమ్మంటుంది. "ప" అంటే అది ఉండదు. ముక్కు మూసుకుంటే "మ" పలకదు. జలుబు చేసిన గొంతు కోసం ఆమె థియేటర్లో ముక్కు పట్టుకుని ఎన్నో డైలాగులు చెప్పింది. అది ఇప్పుడు ఇలా పనికొచ్చింది. పాము అన్నా, తమిళంలో పాంబు అన్నా మొదటి శబ్దం ఒకటేనని తేలాక పిల్లలు రెండు భాషల్లోంచీ మాటలు ఏరుకొచ్చారు. కాకి, కాక్కా. పువ్వు, పూ. ఎవరి ఇంటి మాట వాళ్ళు తెచ్చారు, ఎవరిదీ తప్పు కాలేదు.

మార్చి మొదటికి గది చాలావరకు దారికొచ్చింది. విజి తప్ప. తాళం, కాకి లాంటివి చెబుతోంది. ప, బ, మ దగ్గరికి వచ్చేసరికి చీర వైపు కళ్ళు చికిలించి చూసి, తోచింది అనేస్తోంది. పెదాలు చదవడంలో అందరికంటే ముందున్న పిల్ల, వినడంలో అందరికంటే వెనక. పరిమళ సలహా మీద చిన్నబాబు కూతుర్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. చెవుల్లో ఏ లోపమూ లేదన్నారు.

దమయంతి ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళింది. ఒకే గది. వెనక గోడ దాటితే రైలు పట్టాలు. చిన్నబాబు, భార్య కలైవాణి కాఫీ ఇచ్చి మాట్లాడుతుండగా లోకల్ రైలు వచ్చింది. మాట ఆగలేదు. శబ్దం మునిగిపోయినా ముగ్గురూ ఒకరి నోళ్ళొకరు చూసుకుంటూ చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ రైలు పోయేలోగా ఇంకొకటి. ఆ ఇంట్లో మాట అంటే ముఖమే. విజికి అది పుట్టినప్పటి నుంచీ వచ్చిన అలవాటు.

"రేయ్ చిన్నబాబూ, రైలు లేనప్పుడైనా ముఖం పక్కకి తిప్పుకుని మాట్లాడండ్రా. పిల్లకి వినేది అలవాటు గావాల."

"ముఖం తిప్పుకుని మాట్లాడితే ఈమె నేను కోపంలో ఉండానంటాదిక్కా."

"అట్లయినా ఒకసారి కోపం వొస్తే బాగుండు ఈయనకి," అంది కలైవాణి పొయ్యి దగ్గర నుంచి. "కోపమంతా నాకే మిగిలిపోయింది."

అయినా చెప్పింది చేశారు. పది రోజులు ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం వీపులు పెట్టుకుని మాట్లాడుకున్నారు. పక్కింటివాళ్ళు వచ్చి, గొడవైందా అని అడిగి వెళ్ళారు.

సునయన మార్చి నెలాఖరున వచ్చింది. ఈసారి అట్టలు తేలేదు. తాడుకున్న చీర చూసి, "ఇది తీసేద్దామండి," అంది. పిల్లలను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, తను వాళ్ళ వెనక నిలబడింది. దమయంతిని తలుపు దగ్గరే ఉండమంది. అంటే ఆమె ముఖం గాని, గొంతు గాని పిల్లలకు అందదు. దమయంతి చేతులు కట్టుకుని నిలబడింది. పరిమళ ఆమె పక్కన కొంగు అంచు మెలిపెడుతోంది.

"గంట."

"గ!" గది మొత్తం ఒక్కసారే.

"ఒక్కొక్కరూ," అంది సునయన. వరసగా పేరు పెట్టి పిలిచింది. కత్తెర, చెట్టు, నక్క, దువ్వెన. ఇవేవీ దమయంతి నేర్పిన మాటలు కావు. పిల్లలు గోడ వైపు చూస్తూ చెప్పుకుంటూ పోయారు. ఒకడు తడబడి, గొంతు మీద వేలు పెట్టుకుని, తనే సరిదిద్దుకున్నాడు.

"విజి."

దమయంతి చేతులు విప్పేసింది.

"బుట్ట."

అప్పుడే స్టేషన్ వైపు నుంచి రైలు వచ్చింది. కిటికీ రెక్కలు అదిరాయి. సునయన మళ్ళీ చెప్పబోతే విజి వెనక్కి తిరక్కుండానే, ఆగమన్నట్టు చెయ్యెత్తింది. మెడ మీద వేలు పెట్టుకుంది. తనలో తనే ఏదో అనుకుంది. ముక్కు మూసుకుని మళ్ళీ అనుకుంది. రైలు పోయింది.

"మళ్ళీ చెప్పనా అమ్మా?"

"వద్దు. బ."

"మబ్బు?"

"మ."

"పుదీనా?"

"ప." ఈసారి వేలు మెడ దాకా వెళ్ళనే లేదు. "పుదీనా పచ్చడి గూడా ప-నే. పన్ను గూడా. నాకు ఊడిపోయిందే, అది."

గోడ వైపు ఉన్నవాళ్ళందరూ పగలబడి నవ్వారు. సునయన కూడా నవ్వింది. విజి గిరుక్కున తిరిగి లేచి నిలబడింది.

"ఇప్పుడు నేను చెప్తా. నువ్వు గోడ వైపు తిరుగు మేడమ్. ఓరగా చూస్తే ఒప్పుకోను."

సునయన పిల్లల మధ్యలో మఠం వేసుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది.

"బిర్యానీ."

"బ," అంది సునయన.

"కరెక్ట్!" అని విజి చప్పట్లు కొట్టింది. ఇక గది ఆగలేదు. నేను చెప్తా అంటే నేను చెప్తానని మీద పడ్డారు. బజ్జీ, పరోటా, మురుక్కు, బన్ను. సగం మాటలు తినేవే. సునయన అన్నిటికీ జవాబు చెప్పి, చివరికి చేతులు జోడించి లేచింది.

వరండాలోకి వచ్చి దమయంతి చేయి పట్టుకుంది. "ఆ పాప విన్న మాటను తన నోట్లో పెట్టుకుని పరీక్ష చేసుకుందండి. అది నేను కూడా ఎవరికీ నేర్పలేదు. ఇంకెవర్నీ చూడక్కర్లేదు పరిమళగారూ. వచ్చే ఏడాదికి వీరే. అటు మాధవరంలో మాకు ఇంకో బడి ఉంది. అక్కడి టీచర్లను మీ దగ్గరికి పంపిస్తాను, మీరు చేసేది చూస్తారు."

పరిమళ రెండు చేతులతో దమయంతి భుజాలు పట్టి ఊపేసింది. "సొన్నేన్ ఇల్ల? చెప్పానా లేదా? జూన్ నుంచి మీరు దమయంతీ టీచర్!"

దమయంతి తలుపులోంచి పిల్లలను ఒకసారి లెక్కపెట్టింది.

"అట్లయితే అరగంట చాలదు టీచర్. గంట గావాల."

"ఏమిటీ?"

"అరగంటలో పదిమందిని గూడా సరిగ్గా వినలేను. రోజూ గంట. పొద్దున్నే, పిల్లోళ్ళు అలిసిపోకముందు. పాటల క్లాసు తర్వాత పెట్టుకోండి."

పరిమళ సునయన వైపు చూసింది. సునయన నవ్వు ఆపుకుంటూ తల ఊపింది.

"సరి. గంట," అంది పరిమళ.

లోపల గోల మిన్నంటుతోంది. విజి టీచరు కుర్చీ ఎక్కి, మిగతావాళ్ళను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, తిరిగి చూసినవాడి మీద కేకలేస్తోంది. దమయంతి కొంగు నడుముకు దోపుకుని లోపలికి నడిచింది.

"దిగవే కిందికి. ఇంకా క్లాసు అయిపోలేదు."